కత్తిరించిన పేరు

పాఠకుల ఉత్తరం కింద పత్రికవాళ్లు వేసే పేరు, వయసు, ఉద్యోగం కత్తిరించేసి, మినెగిషి టీచరు, జపాన్‌కి పనికి వచ్చిన విదేశీయుల జపనీస్ క్లాసులో కాపీలు పంచింది.

"రాసిన మనిషిని నిలదీయండి. ఆధారం ఏది? రాయకుండా దాచింది ఏమిటి?"

అది ఒక కూతురు రాసిన ఉత్తరం. వృద్ధాశ్రమంలో తల్లి నొప్పి నొప్పి అని మొత్తుకున్నా, భాష రాని విదేశీ ఆయాకు అర్థం కాలేదట. అందుకే ప్రాణం పోయిందట.

బర్మా అమ్మాయి థిరి లేచింది. సాయంత్రాలు తనూ ఆయాపనే చేస్తుంది.

"ఆధారం లేదు టీచర్. ఆ ఆయాని ఒక్క మాటైనా అడిగిందా ఈవిడ? భాష రాకపోతే మాత్రం, నొప్పితో ఉన్న మొహం తెలీదా మాకు?"

"మరి దాచింది?"

"ఆశ్రమంవాళ్లు ఫోన్ చేశారని తనే రాసింది. ఎత్తిందో లేదో రాయలేదు."

టీచరు థిరి కాగితం మీద ఎర్ర సిరాతో పువ్వులాంటి సున్నా చుట్టింది. ఇక్కడ అది నూటికి నూరు. క్లాసంతా చప్పట్లు.

"ఎవరు టీచర్ ఆవిడ? పేరు చెప్పండి, కడిగిపారేస్తాం!"

టీచరు పర్సులోంచి కత్తిరించిన ముక్క తీసి థిరి ముందు పెట్టింది. మినెగిషి సాయె, 52, జపనీస్ ఉపాధ్యాయురాలు.

"ఎత్తలేదమ్మా," అంది. "ఆ పూట ఇక్కడే, మీకు పాఠం చెబుతున్నాను."