అచ్చయిన దొంగ

"మీ ఇంట ముక్కెర పోయిందని విని కథ అల్లాను, అన్నా. అంతా కల్పన. మీ పనిమనిషి ఆరాయి ఏమీ తీయలేదు," అన్నాను.

సూలూరు ఊరిపెద్ద కుప్పుసామి నాయుడు నా కథ ఉన్న మద్రాసు పత్రిక చూపించాడు. "అచ్చులో వచ్చేది కుంపిణీ సర్కారు మాట తమ్ముడా, అబద్దమెట్లయితాది? నీ కతలో పనిమనిషే దొంగ. ఆమెని మన్నించి అన్నం పెడతారు. మేమూ అదే చేస్తాము."

"అయ్యో, ఈమె ఏ పాపమూ ఎరగదు!"

"చూస్తివా ఆరాయీ, ఇంకా నిన్ను కాపాడతానే ఉండాడు."

నాయుడి భార్య ఆరాయికి ఆకు వేసి వడ్డించింది. మా రెండిళ్లలోనూ పాత్రలు తోమే ఆరాయి నావైపు చూసింది. "తింటే దొంగనే సామీ. తినకుంటే పొగరంటారు. ఏం చేసేది?"

నేను ఆమె పక్కనే కూర్చుని, "వదినా, నాకూ ఒక ఆకు వెయ్యండి," అన్నాను.

నాయుడి కళ్లు చెమర్చాయి. "ఇదీ కతలో రాయి తమ్ముడా."