ముట్టినట్టు కార్డు

“గిరిజా, శివరాత్రి దగ్గరికొస్తున్నది. శ్రీశైలం పోవాలె. జర ఆ ముడుపు మూట దించు, ఎంతైందో జూసుకుందాం” అంది చెన్నమ్మ, దేవుడి గూటివైపు చేయి చూపిస్తూ.

కోడలు గిరిజమ్మ చేతిలోని జొన్నరొట్టె పెనం మీద పడాల్సింది కాస్తా పొయ్యిలో పడింది.

“ఇయ్యాల అమాస గదత్తమ్మా! ముడుపు ముట్టొద్దంటరు. సోమారం జూద్దాం తియ్యిన్రి.”

“గట్లనా? సరే, సోమారమే కానియ్యి.”

అమావాస్య కాబట్టి గండం గడిచింది. సోమవారం ఏం చెప్పాలి? అది మల్లన్నకు మొక్కుకుని అత్త పైసా పైసా కూడబెట్టిన ముడుపు. అందులోంచి అరవై రూపాయలు తీసింది గిరిజమ్మ. దొంగబుద్ధితో కాదు పాపం! జహీరాబాద్ అంగడికి హైదరాబాద్ గిన్నెల దుకాణం వాళ్ల జీపు వచ్చింది, ఈల వేసే కుక్కర్ చూపించారు, చేతిలో డబ్బులు తక్కువయ్యాయి. “డబ్బాల చీటీ ఉంటదమ్మా. బిల్లుతోని కలిపి మా పెద్ద దుకాణానికి పోస్టు జెయ్యిన్రి, అరవై రూపాయలు వాపస్ పంపుతం” అన్నాడు అమ్మేవాడు. వాపసు వచ్చేవే కదా, మల్లన్న కొన్నాళ్లు ఓపిక పట్టడా అనుకుంది. ఇంట్లో మాత్రం కుక్కర్ మా అన్న కొనిచ్చాడని చెప్పింది. అప్పటినుంచి అది ఈల వేసిన ప్రతిసారీ తన గుట్టు ఊరంతా చాటుతున్నట్టే ఉంది ఆమెకు.

ఆ భయం చాలదన్నట్టు పక్కింటి బాలమణి ఇంకో భయం పెట్టింది.

“ఉత్తగ పోస్టు డబ్బాల ఏసినవనుకో, మునిగినవే! మా చీటీ గట్లనే పాయె. రానే రాలేదన్నరు దుకాణపోళ్లు. రిజిస్ట్రీ జెయ్యి. ముట్టినట్టు కార్డు పెట్టు.”

అత్త అమ్మలక్కల ముచ్చట్లకు పోయిన సందు చూసి గిరిజమ్మ తలుపు గొళ్లెం పెట్టుకుంది. చీటీ, బిల్లు కవరులో దూర్చి మెతుకులతో అంటించింది. నాలుగో తరగతి చదువు అక్షరాలు కూడబలుక్కుంటూ, డబ్బు దారితప్పి ఇంకొకరింటికి పోకూడదని తన పేరూ ఊరూ లావుగా రాసింది. దుకాణం పేరు మూలన ఇమిడ్చింది. బాలమణి ఇచ్చిన కార్డు మీదా తన పేరు రాసుకుంది. ఎవరూ విప్పకుండా ఎర్ర లక్క కరిగించి, కాలిమెట్టెతో ముద్ర వేసింది. కొంగు చాటున దాచుకుని పోస్టాఫీసుకు పరుగెత్తింది.

కిటికీ వెనక గుమాస్తా రామ్‌కిషన్ తలెత్తలేదు. వెనక మనియార్డర్ల వాళ్లు తోసుకుంటున్నారు.

“ఆళ్లు ముట్టలేదంటేనో సారూ?” అంది గిరిజమ్మ, కవరు అందిస్తూ.

“తీసుకున్నోళ్లు కార్డు మీద సంతకం బెడ్తరమ్మా. అది మళ్ల మీ ఇంటికే వస్తది. ముట్టలేదంటే ఆ కార్డు మొకాన గొట్టు! జరుగు, జరుగు.”

మీ ఇంటికే వస్తది! గిరిజమ్మ కవరు కోసం మళ్లీ చేయి చాచింది. ఆ కార్డు అత్త చేతిలో పడితే? కానీ అప్పటికే ఆయన ధన్‌మని ముద్ర కొట్టి కవరు సంచిలోకి విసిరేశాడు.

ఇక అప్పటినుంచి వీధిలో సైకిల్ గంట మోగితే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. ఒకనాడు పిండి పట్టించుకుని గిర్ని నుంచి వచ్చేసరికి అత్త అరుగు మీద కూర్చుని చింతపండుతో బొటనవేలు రుద్దుకుంటోంది.

“ఏమైందత్తమ్మా?”

“ఏందో నల్లగ అంటుకున్నది. ఎంత రుద్దినా పోతలేదు.” చెన్నమ్మ కోడలి ముఖంలోకి సూటిగా చూసింది. “కొన్ని మరకలు గంతే. పోవు.”

గిరిజమ్మ నెత్తిమీది పిండి డబ్బా జారబోయింది.

సోమవారం వచ్చింది. మూట దించమంటుందేమోనని పొద్దున్నుంచి గిరిజమ్మ దేవుడి గూటి దగ్గరే తచ్చాడింది. అత్త మాత్రం ముడుపు మాటే ఎత్తలేదు. మర్నాడూ అంతే. మరిచిపోయిందా? అన్నం పెట్టిన ఊరపిచ్చుకలను కూడా గుర్తుపట్టే మనిషి, ముడుపు మరిచిపోతుందా! తిట్టినా బాగుండు, ఈ మౌనం భరించలేకపోతున్నాననుకుంది.

ఆ సాయంత్రం గుమ్మం ముందు గంట మోగింది. పోస్ట్‌మ్యాన్ ఇస్సాకు.

“మెల్లగన్నా!” అంటూ ఎదురు పరుగెత్తింది గిరిజమ్మ. “గిన్ని దినాలు కనవడకపోతివి?”

“మా చెల్లె పెండ్లికి రాయికోడ్ పోయుంటినక్కా, ఇయ్యాలనే డ్యూటీకొచ్చిన. ఇగో, నీ ముట్టినట్టు కార్డు.”

అందుకుని తిప్పి చూసింది. సంతకం లేదు. నల్లటి వేలిముద్ర ఉంది.

“ఇదేందన్నా? గంత పెద్ద దుకాణపాయన వేలుముద్ర ఏస్తడా?”

“పైసలున్నోళ్లకు చదువుతోని ఏం పనక్కా!” ఇస్సాకు నవ్వుతూ సైకిల్ ఎక్కాడు. “ముద్రయినా సంతకమైనా ఒకటే. నీ కవరు ముట్టింది, ఫికర్ జెయ్యకు.”

ముట్టింది! ఇన్నాళ్లకు గిరిజమ్మ గుండెనిండా గాలి పీల్చుకుంది. కార్డు కళ్లకద్దుకుంది. ఇక డబ్బు రావడమే తరువాయి, చీకటి మాటున మూటలో పెట్టేస్తే మల్లన్నకూ తనకూ మధ్యనే ఉండిపోతుంది.

“ముట్టింది తండ్రీ, ముట్టింది” అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగింది.

గడపలో చెన్నమ్మ నిలబడి ఉంది.

“ఎందుకు ముట్టదు బిడ్డా? ఎవరో కొత్త పోస్టాయన ఎర్ర లక్క కవరు దెచ్చి, నీ పేరు సదివి, నాతోని వేలుముద్ర ఏపిచ్చుకపాయె. పైలంగ ఉంటదని ముడుపు మూట ఇప్పి అండ్లనే పెట్టిన.”