తాయారు కుర్చీ

"నడవలేని మనిషిని ముందు గదుల్లో ఉంచకూడదు. ఇక్కడి నియమమే కదా సిస్టర్?" అన్నాడు కొత్తగా వచ్చిన డాక్టర్ జ్ఞానశేఖర్.

మేట్రన్ దేవకుమారి కేసు కాగితం ఆయన చేతికిచ్చింది. టైఫాయిడ్ నుంచి లేచాక నారాయణమ్మ బాగా చిక్కిపోయింది. నడిస్తేనో, చక్రాల కుర్చీని తోసే తోడుంటేనో ఈ గది, లేకపోతే వెనక మంచాల వార్డు. ఆ వార్డుకెళ్లినవాళ్లెవరూ మళ్లీ ఇటు రాలేదని ఆ వృద్ధాశ్రమంలో అందరికీ తెలుసు.

డాక్టరు నారాయణమ్మ మోకాళ్లు నొక్కి చూసి తెల్లబోయాడు. "జ్వరం మాట అటుంచండి. ఈ కాళ్లతో మీరు నిరుడే మంచం పట్టాల్సింది! ఇన్నాళ్లూ ఎలా నడిచారమ్మా?"

"నడవకపోతే ఎలాగ బాబూ? మా తాయారుని బోజనానికి తోసుకెళ్లాల గదా! నిరుడు దాని కాళ్లు సచ్చుబడిపోనాయి. నాను నేకపోతే దానికి దిక్కెవలు?"

పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న ఆమె గది నేస్తం తాయారు అవునన్నట్టు బుర్ర ఊపింది.

"ఏదీ, నడవండి చూద్దాం."

నారాయణమ్మ కుర్చీ వెనక పిడులు పట్టుకుంది. తాయారుతో సహా దాన్ని వరండా చివర, కొత్త ఔటర్ హార్బరు కనిపించే కటకటాల దాకా తోసుకెళ్లి తిప్పుకొచ్చింది. రొప్పుతోంది గానీ అడుగు తడబడలేదు. తన కళ్లను తనే నమ్మలేకపోయాడు డాక్టరు.

"ఆవిణ్ణి దించండి. ఖాళీ కుర్చీతో నడవాలి."

"వొద్దు బాబూ! నన్ను దించకండి!" తాయారు కంగారుపడింది. అప్పటికే ఆయా పోతమ్మ ఆమెను ఎత్తి మంచం మీద కూర్చోబెట్టేసింది.

నారాయణమ్మ పిడుల మీద బరువు మోపింది. ఖాళీ కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. కుర్చీతో పాటు ఆమె వెనక్కి ఒరిగిపోయింది.

నేల తగిలేలోపే రెండు చేతులు ఆమెను పట్టుకున్నాయి. మంచం మీంచి ఒక్క ఉరుకున వచ్చి, సొంత కాళ్ల మీద నిటారుగా నిలబడి ఉంది తాయారు!

"యేసయ్యా!" అంది పోతమ్మ.

"ఒలే, నీకు కాళ్లున్నాయేటే?" నారాయణమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నిరుటినుంచీ నాసేత ఊరికే తోయించుకుంటన్నావేటే దొంగముండా!"

డాక్టరు పడిపోయిన కుర్చీని చూశాడు, ఆ ఇద్దరినీ చూశాడు. "సిస్టర్, వీళ్ల గది మార్చొద్దు," అన్నాడు మెల్లగా.

తాయారు కుర్చీ నిలబెట్టుకుని, ఏమీ జరగనట్టే మళ్లీ అందులో కూర్చుంది.

"సాల్లే, తొయ్యి. అన్నాల యేళయిపోనాది. నిరుడు నాను ఈ కుర్సీ ఎక్కకపోతే, నువ్వు మంచం ఎక్కేద్దువే!"