చెంబెడు కలి

“ఉప్పు రవ్వంత తక్కువైంది బిడ్డా,” అంది మంగళ, అంబలి మొదటి గుక్క మింగి.

భూదేవికి ఒళ్లు మండింది. ఆకలి రుచి ఎరగదంటారు. ఈమెకు ఆకలీ ఉంది, రుచీ ఉంది.

“ఉత్తగ పోస్తున్న. అండ్ల మల్ల వంకలా?”

“వంక కాదు బిడ్డా. కలి జర ముదిరింది. బియ్యం కడుగునీళ్లు ఇంక కొన్ని పొయ్యి, నిమ్మళమైతది. ఉల్లిగడ్డ దంచి ఏస్తే ఇంకా మంచిగుంటది.”

చెప్పి, కళ్లు మూసుకుని తక్కినదంతా తాగింది.

“ఈ పులుపు నాకెరుకే,” అని తనలో తనే నవ్వుకుంది.

మంగళది కూడా ఈ కామాటిపురాలోనే, అవతలి గల్లీ. వయసులో ఉన్నప్పుడు అక్కడ ఆమె బతుకు ఎలా గడిచిందో ఈ వరస గదుల చాల్‌లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. దగ్గు పట్టుకున్నాక అక్కడి గదిలోంచి, ఆ ఖోలీలోంచి వెళ్లగొట్టారు. ఇప్పుడు ఈ చాల్ మెట్ల కింద పడుకుంటుంది. పావ్ రొట్టె గొంతు దిగదు. పాలమూరు మనిషి కదా, అంబలి కోసం ప్రాణం కొట్టుకుంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి గడప అవతల కూర్చుంటే, భూదేవి గరిటె తగలకుండా పైనుంచి ఆమె గ్లాసులో పోస్తుంది.

మర్నాడు భూదేవి కడుగునీళ్లు పోసింది, ఉల్లిగడ్డ దంచి వేసింది.

“ఇయ్యాల మంచిగుంది. ఏం జేసినవే?” అన్నాడు మొగుడు లస్మయ్య, కూలి పనికి బయల్దేరుతూ.

“ఏం జెయ్యలే,” అంది భూదేవి. మంగళ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

రాత్రి జొన్నపిండిని కలిలో నానబెట్టి పొద్దున కాస్తే అంబలి. బియ్యం కడుగునీళ్లూ గంజీ కుండలో పులిస్తే కలి. వాడినంత వాడి, కొంత మిగిల్చి, మళ్లీ నీళ్లు పోస్తూ ఏళ్లకేళ్లు కాపాడుకుంటారు. ఇంటి లక్ష్మి అందులోనే ఉంటుందని చాల్‌లో నమ్మకం.

భూదేవికి ఆ నమ్మకం మరీ ఎక్కువ, కారణం ఉంది. మిల్లుల సమ్మె మొదలైన ఏడు ఆమె తొలిచూలు కొడుకు వాంతులై పోయాడు. చావు జరిగిన ఇల్లని కలి కుండ పగలగొట్టించారు. అలాంటి ఇంటికి ఎవరూ కలి ఇవ్వరు. ఇస్తే ఇచ్చినవాళ్ల లక్ష్మి కూడా వెంట పోతుందట. పొయ్యి వెలగని ఆ రోజుల్లో ఒక పొద్దున తలుపు తీస్తే, గడపలో చెంబెడు కలి, మీద విస్తరాకు మూత.

అంత పెద్ద మనసు పక్క ఖోలీ లక్ష్మవ్వకు తప్ప ఎవరికుంటుంది? భూదేవి వెళ్లి ఆమె కాళ్లు మొక్కింది. లక్ష్మవ్వ తల నిమిరి ఊరుకుంది. ఆ కలితోనే ఇల్లు మళ్లీ ఇల్లయింది. తర్వాత శాంత పుట్టింది, బతికింది.

ఇప్పుడు ఆ శాంతకే జ్వరం. నాగ్‌పాడా డాక్టరు మందు పనిచేయడం లేదు.

ఆ పొద్దున వాన. భూదేవి లోపల పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసి వెనక్కి తిరిగేసరికి, మంగళ గడప దాటి వచ్చి కలి కుండ మీద చెయ్యి వేసి ఉంది.

“ఎవరు ముట్టమన్నరు నిన్ను?”

“మూత జారింది బిడ్డా. కప్పు కారి వాన నీళ్లు పడుతున్నయ్. కలి ఖరాబైతదని...”

“నీ చెయ్యి తగిలినంక ఇంకేం ఖరాబు గావాలె? పిల్లకు జెరం ఎందుకు తగ్గుతలేదో ఇప్పుడు ఎరుకైంది.”

కుండ ఎత్తుకుని మురుగు మోరీ దగ్గరికి నడిచింది. మంగళ వెనకే వచ్చి చేతులు జోడించింది.

“కుండ పలగ్గొట్టుకో బిడ్డా. కలి మాత్రం పారబొయ్యకు. గింతంత తీసి పెట్టుకో.”

“ఎందుకు, రేపు నీకు పొయ్యనీకెనా?”

మంగళ ఏదో చెప్పబోయింది. దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక కూడా చెప్పలేదు.

కుండ మోరీలో పగిలింది. తెల్లటి నీళ్లు వాన నీళ్లలో కలిసి పోతుంటే మంగళ చివరిదాకా చూసింది. ఖాళీ గ్లాసు పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

శాంత జ్వరం మాత్రం తగ్గలేదు. నోరు చేదై పాలు తోసేసింది, బిస్కెట్ తోసేసింది.

“అమ్మా, అంబలి,” అంటోంది.

భూదేవి కొత్త కుండ కడిగి పెట్టి, చెంబు తీసుకుని లక్ష్మవ్వ ఖోలీకి వెళ్లింది. దారిలో నీళ్ల నల్ల దగ్గర ఆడవాళ్లు చెప్పుకుంటున్నారు. మంగళ తెల్లవారుజామున మెట్ల కిందే పోయిందట, మున్సిపాలిటీ బండి వచ్చి తీసుకుపోయిందట. భూదేవి ఒక్క క్షణం ఆగింది. పిల్ల గుర్తొచ్చి మళ్లీ నడిచింది.

“అవ్వా, గప్పుడిచ్చినట్లే ఇంకోపారి చెంబెడు కలి పొయ్యి. బిడ్డ అంబలి అడుగుతున్నది.”

లక్ష్మవ్వ చేతిలో చాట పక్కన పెట్టింది.

“నేనెన్నడిచ్చిన బిడ్డా? సావైన ఇంటికి కలి ఇచ్చేటంత గుండె నాకెక్కడిది? నువ్వొచ్చి కాళ్లు మొక్కితివి. కాదని చెప్పబుద్ధి గాలే.”

భూదేవి చెంబు దించింది. “మరెవరు పెట్టిన్రు?” అంది.

“ఆనాడు పొద్దుగాల్ల నల్లకాడ నేను చూస్తనే ఉన్న. ఇచ్చినోళ్ల ఇంటి లచ్చి పోతదే మంగళా, వద్దన్న. ‘నాకు ఇల్లెక్కడిదక్కా’ అనుకుంట నీ గడపల పెట్టిపోయింది.”