బెంగళూరు మోల్డు

వారం నుంచి చేట కనపడక, నువ్వే ఎత్తకపోయినావని లూదియా పక్కింటామెతో కొట్లాడతాంది. ఆ రోజూ ఇద్దరూ గొంతులు పెంచినారో లేదో, మొగుడు యాకోబు కారు నంద్యాల షెడ్డు నుంచి వచ్చి ఇంటి ముందర ఆగింది. బానెట్ నడిమధ్యన ఎర్రటి ఫైబర్ ముక్కొకటి బోర్లించినట్టు లేచి ఉంది.

"ఏందప్పా ఈ బొప్పి?" అనింది లూదియా మొగునితో.

"స్కూపు మే! ఇంజనుకు గాలి పోతాది. ఇట్లాంటిది ఆళ్లగడ్డలో ఎవురికీ లేదు. బెంగళూరు నుంచి మోల్డు తెప్పించి, దాని మీద ఫైబర్ పోయించి చేయించినా."

లూదియా దాన్ని చేత్తో తడిమింది. ఒక మూల చెయ్యి ఆగింది.

"బాగుండాది," అని లోపలికి పోయింది.

తెల్లారి యాకోబు తాళంచెవి తిప్పుకుంటా బయటికొచ్చినాడు. బానెట్ మీద స్కూపు లేదు. నాలుగు బోల్టుల బొక్కలు, మధ్యన పెద్ద చిల్లు మాత్రం ఉండాయి.

అరుగు మీద లూదియా ఆ ఎర్ర స్కూపును వెల్లకిలా పట్టుకుని బియ్యం చెరుగుతాంది.

"బలే ఉందప్పా. బెంగళూరోళ్లు గూడా చేట చినిగితే నా మాదిరే తీగతో మూడు కుట్లేస్తారంటనే? అచ్చు అట్లే పడినాయి సూడు. ఇంగ పక్కింటామెకు నువ్వే పోయి చెప్పు."