కామేష్ పట్టిన వేట

ఫోను టింగుమనగానే కామేష్ బండ మీద ఎగిరి గంతేశాడు. కాలు జారబోతుంటే సోని చొక్కా పట్టుకుని ఆపింది.

"పడ్డాడు! క్లయింటు పడ్డాడు!"

"ముందు నువ్వు పడకు బావా. ఏటి రాశాడో బేగి సదువు."

రాసింది సర్వేశ్వరరావు అనే ఆయన. విశాఖపట్నంలో ఏదో కంపెనీకి సేల్స్ మేనేజరు. 'లింక్డ్‌ఇన్‌లో మీ ప్రొఫైల్ చూశాను. ఆఫీసులో అందరికీ చూపించాను. మేం వెతుకుతున్నది సరిగ్గా ఇదే' అని మెసేజీ.

సోని ఆనందం పట్టలేక మొగుడి బుగ్గ మీద ముద్దు పెట్టేసింది. ఊరు మొత్తానికి సిగ్నలు దొరికేది ఆ బండ మీదే. ఊరు మొత్తానికి కనిపించేది కూడా ఆ బండే. ఆ సంగతి ముద్దు పెట్టాక గుర్తొచ్చింది. కింద నుంచి ఈలలు వినిపించాయి.

మాఘంలో పెళ్ళయింది. కొత్త కాపురం గదిలో మంచం కంటే కాఫీ బస్తాలే ఎక్కువ. మొగుడి వైపు ఒత్తిగిలాలన్నా మధ్యలో బస్తా ఒప్పుకోవాలి. జి.కె.వీధి షావుకారికి గింజలు అమ్మను, పొడి చేసి సొంతంగా అమ్ముతాను అని కామేష్ పంతం. స్టిక్కర్లు వేయించాడు. కవర్లు కుట్టించాడు. కొనేవాడే లేడు.

ఇంతలో చైత్రమాసం, ఇటుకల పండగ వచ్చిపడ్డాయి. పండగకి మగాళ్ళు అడవికి వేటకెళ్ళాలి. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. ఈ రోజుల్లో అడవిలో ఏముంది గనక? ఏడాది పొడుగునా మొగుళ్ళ మీద పెరిగిన కసి తీర్చుకోవడానికి అదో మంచి రోజు.

కామేష్ వేటకే వెళ్ళనన్నాడు. "నా వేట ఫోన్లో అత్తా. పండగయ్యేలోగా క్లయింటుని పట్టుకొస్తా. పట్టకపోతే పేడనీళ్ళు పోయించుకుని, బస్తాలన్నీ షావుకారు చెప్పిన రేటుకే ఇచ్చేస్తా" అని మేనత్త సోములమ్మ ముందు గొప్పలు పోయాడు.

ఇవాళే ఆఖరి రోజు.

నిజానికి ఆ ప్రొఫైలుకి ప్రాణం పోసింది సోని. పాత ఫొటోలో కామేష్ భుజం మీద ఎవరిదో చెయ్యి ఉండేది. విచారిస్తే వాళ్ళమ్మదని తేలింది. దాన్ని పీకేసి, కాఫీ పళ్ళ గంపతో కొత్తది తీసింది. 'సొంత వ్యాపారం' అన్న ముక్క చెరిపి 'మా కొండ మీద పండి, మా ఇంట్లో వేగి, మీ కప్పులోకి' అని రాసింది. నైపుణ్యాలు అన్న చోట కామేష్ 'మోటారుసైకిలు' అని పెట్టుకున్నాడు. అదీ తీసేసింది. ఇంతలో ఆడబిడ్డ చిట్టి ఫోను లాక్కుని, కిందటేడు పండగలో వాళ్ళన్న పేడనీళ్ళు కారుతూ పరిగెత్తిన వీడియో ఎక్కించేసింది. తీసేద్దామంటే సిగ్నలు పోయింది, తర్వాత ఆ సంగతే మరిచిపోయారు. సరే, చివర్లో తన పరిచయం ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయమంటే కామేష్ రాత్రంతా ఆలోచించి తన పుట్టినతేదీ రాశాడు. అదీ సోనియే రాయాల్సి వచ్చింది.

ఫోను మళ్ళీ టింగుమంది.

'అక్కడ పని చేసేదెవరు?'

'ఊళ్ళో ఆడవాళ్ళందరూ సార్' అని టైపు చేసింది సోని. కాఫీ పళ్ళు కోసేది వాళ్ళే కదా.

'రసాయనాలేమైనా వాడతారా?'

'అస్సలు లేదు సార్. మా ఆవుల పేడే.'

సర్వేశ్వరరావు గారు వరసగా చప్పట్ల బొమ్మలు పంపారు.

'మేం చాలామందిమి వస్తాం. స్నానాలకి నీళ్ళుంటాయా?'

'పక్కనే వాగుంది సార్.'

"ఎంత శుభ్రమైన మనిషో బావా!" అని సోని మురిసిపోయింది.

ఇద్దరూ కిందికి దిగేసరికి ఆడవాళ్ళు బిందెలతో సిద్ధంగా ఉన్నారు.

"ఏదిరా నీ వేట?" అంది సోములమ్మ.

"ఫోన్లో ఉందత్తా."

"ఫోన్లో పులుల్ని నేనూ శానా సూశాను. ఓలే గుంటా, మొదటి బిందె కొత్త కోడలిదే. పట్టు!"

బిందె చేతికి రాగానే సోని వేళ్ళు జివ్వుమన్నాయి. కామేష్ ఒంటి మీదున్నది పొద్దున్న తను ఉతికిన చొక్కాయే. అయినా సరే, ఒక్క చెంబు, ఒక్కటంటే ఒక్కటి... బస్తాలు గుర్తొచ్చి తమాయించుకుంది.

"కొంచెం పొయ్యనా బావా?"

"నువ్వు నా పార్టీయా, ఆళ్ళ పార్టీయా?"

"బిందె బరువుగా ఉంది. ఇప్పటికి ఆళ్ళ పార్టీయే."

"ఆగండే!" అని అరిచాడు కామేష్. "ఆయన గొంతే వినిపిస్తా. అందరూ బండెక్కండి!"

ఎక్కారు. బిందెలతో సహా ఎక్కారు. మాట తేడా వస్తే మళ్ళీ కిందికి దిగే పని ఉండకూడదని సోములమ్మ ముందుచూపు. కామేష్ నెంబరు నొక్కి స్పీకర్లో పెట్టాడు. సోని బిందెని నడుముకి ఆనించుకుని ఫోను వైపు వంగింది. మోగింది. ఎత్తారు.

"సార్, కామేష్‌ని. మీరు నిజంగా వస్తారంటే మావాళ్ళు నమ్మడంలేదు సార్. ఒక్క ముక్క చెప్పండి."

"రాకపోవడమేంటయ్యా!" ఫోన్లోంచి హుషారైన గొంతు బండంతా మోగింది. "ప్రొఫైల్లో మీరు రాసిందేదీ చదవలేదుగానీ ఆ వీడియో మాత్రం పదిసార్లు చూశాం, ఈ ఏడాది మా టీములో ఒక్కడూ టార్గెట్ కొట్టలేదు, నాతో సహా, అందుకని రేపు పొద్దున్నే అందరం ఖాళీ చేతులతో వస్తున్నాం, మీకు పోసినట్టే మాకూ వరసగా పోయించండి, రేటు మీ ఇష్టం, అన్నట్టు స్నానాలయ్యాక తాగడానికి మీ ఊళ్ళో ఎక్కడైనా కాఫీ దొరుకుతుందా?"