మొదటి రూలు

కొత్త బ్యాచికి ల్యాబులో అది మొదటి క్లాసు. కెమిస్ట్రీ ప్రొఫెసర్ బోర్డు మీద రూళ్లు రాశారు. ఒంట్లో ఏ తేడా ఉన్నా దాచకుండా ముందే చెప్పాలన్నది మొదటిది. ఆయన మాట పూర్తయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదన్నది రెండోది.

ముందు బల్ల దగ్గరి అమ్మాయి చెయ్యెత్తింది.

"అప్పుడే డౌటా? చెయ్యి దించు."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు గానీ ఎవరూ కిక్కురుమనలేదు. ఆయన బర్నర్ వెలిగించడానికి లైటర్ తీశారు.

ఆ అమ్మాయి ఒక్క ఉదుటున వచ్చి దాన్ని లాక్కుంది.

"ఎంత పొగరు! బయటికి నడు!"

"అందరం నడుద్దాం సార్! గది నిండా గ్యాస్ వాసన!"

గ్యాస్ కట్టేసి అందరూ బయటపడ్డాక, ఆ అమ్మాయి బెరుగ్గా అడిగింది. "రూలు తప్పాను సార్. రేపు రావచ్చా?"

"నువ్వు తప్పింది రెండోదేనమ్మా."

జ్వరం తగ్గినప్పటి నుంచీ ఆయనకు ఏ వాసనా తెలియడం లేదు. ల్యాబు నుంచి తప్పిస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు.